గుంటడిని ఎవరి చేతిలో పెట్టాలి?

కూలికెళితే పిల్లలకు దిక్కులేదు, మానితే పొయ్యి వెలగదు: జిల్లా తల్లుల ముందు రోజూ ఇదే ప్రశ్న

పలాస: పొద్దున్న ఏడు కొట్టకముందే కాశీబుగ్గ రోడ్ల మీద ఆడవారు వరసలు కట్టి నడుస్తుంటారు. చేతిలో అన్నం క్యారేజీ, భుజాన పాత తువ్వాలు. జీడి పరిశ్రమల్లో పనికి వెళ్లేవారు వీరంతా. చుట్టుపక్కల పల్లెల నుంచి కొందరు ఆటోల్లో, కొందరు బస్సుల్లో దిగుతారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవారికి టికెట్ ఖర్చు తప్పింది. కాని ఆ బస్సు ఎక్కేముందు ప్రతి తల్లీ దాటవలసిన గడప ఒకటుంది. అది సొంత ఇంటి గడపే. చంకలో ఉన్న చంటిబిడ్డను ఎవరి చేతిలో పెట్టి ఆ గడప దాటాలి?

తల్లి పనికి వెళ్లాలా, పిల్లల దగ్గర ఇంట్లో ఉండాలా అనే చర్చ పట్నంలో ఉద్యోగాలు చేసుకునేవారిదే అని కొందరి అభిప్రాయం. అది పొరపాటు. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా రెక్కాడితే గాని డొక్కాడని ప్రతి ఇంటిలోనూ ఈ చర్చ జరుగుతూనే ఉంది. తేడా ఒక్కటే. పట్నంలో అది కొన్నాళ్లు ఆలోచించుకుని తేల్చుకునే విషయం. ఇక్కడ రోజూ ఉదయం కోడి కూసే వేళకు తేల్చుకోవాలి.

చెట్టు కొమ్మకు చీర ఉయ్యాల

మన ప్రాంతంలో కూలి కుటుంబాల ఆడవారు ఇంటిపట్టున ఉండడం ఏనాడూ లేదు. ఉభాలకు, కలుపులకు, కోతలకు, కల్లాలకు ఆడవారి చెయ్యి లేనిదే పని సాగదు. అయితే ఆనాడు పని దగ్గరికే బిడ్డ వచ్చేది. గట్టు మీద చింతచెట్టుకో తుమ్మచెట్టుకో చీర కట్టి ఉయ్యాల వేసేవారు. అంబలి ముంతతో ఒక ముసలమ్మ అక్కడ కూర్చునేది. బిడ్డ ఏడిస్తే తల్లి మడిలోంచి లేచి వచ్చి పాలిచ్చి వెళ్లేది. సీతంపేట కొండల్లో సవర తల్లులు బిడ్డను గుడ్డతో వీపున కట్టుకుని పోడు పనికి పోవడం నేటికీ చూడవచ్చు.

పొందూరులో మరో పద్ధతి ఉంది. అక్కడ పనే ఇంట్లోకి వచ్చింది. కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో శుభ్రం చేసి, ఏకి, రాట్నం మీద సన్న నూలు తీసే పని ఆడవారు ఇంటి వసారాలోనే చేస్తారు. బిడ్డ పక్కనే పాకుతూ ఉంటుంది. చూడడానికి ఇది బాగానే ఉంటుంది. కాని రోజంతా వడికినా వచ్చేది కొద్ది పైకమే. బిడ్డ రాట్నం మీద చెయ్యి వేస్తే నూలు తెగుతుంది, పని ఆగుతుంది. ఇంట్లో చేసే పని అంటే రెండు పనులూ ఒకేసారి చేయడమే తప్ప, ఒకటి తప్పడం కాదు.

జీడి పని సంగతి వేరు

జీడి పరిశ్రమకు బిడ్డను వెంట తీసుకుపోవడానికి లేదు. కారణం చూసినవారికి వెంటనే అర్థమవుతుంది. జీడి పిక్క పెంకులో ఉండే రసం చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది. పిక్కలు ఎండబెట్టి, కాల్చి లేక ఆవిరిపెట్టి, పెంకు కొట్టి, పప్పును వేడిగదిలో ఆరబెట్టి, పైపొర తీసి, గ్రేడు చేస్తారు. కొట్టే చోట రసం, కాల్చే చోట పొగ, ఆరబెట్టే చోట వేడి. చంటిబిడ్డ ఉండదగిన స్థలం కాదు.

పైగా చాలాచోట్ల కూలి కిలోల లెక్కన ముడుతుంది. పొర తీసిన పప్పు గుండుగా రావాలి. మార్కెట్లో 320 నంబరు రకం అంటే పౌను తూకానికి 300 నుంచి 320 గుళ్లు తూగే పప్పు అని లెక్క. విరిగితే అది బద్దలోకో ముక్కలోకో పోతుంది, ధర పడిపోతుంది. ఇంటి దగ్గర బిడ్డకు జ్వరంగా ఉంటే తల్లి ధ్యాస పప్పు మీద నిలవదు. ధ్యాస నిలవకపోతే పప్పు విరుగుతుంది. బిడ్డ మీద బెంగ కూడా ఇక్కడ తూకానికి వస్తుంది.

2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చిన సంగతి పాఠకులకు తెలిసిందే. అంతవరకు సొంత తోటలో పని చేసుకుంటూ పిల్లల్ని కళ్లెదుట పెట్టుకున్న ఇళ్లు ఎన్నో ఆ ఒక్క రాత్రితో పరాయి గుమ్మంలో కూలికి దిగాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. అంతలో బిడ్డలు ఎదిగిపోతారు. దీనికి తోడు ఉద్దానంలో కిడ్నీ వ్యాధి ఉంది. ఇంటి యజమాని వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు పోవలసిన ఇంట్లో తల్లి పనికి వెళ్లాలా వద్దా అని అడిగేవారే ఉండరు. ఆమె వెళ్లవలసిందే. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాక వైద్యం కొంత దగ్గరైంది. కాని ఆసుపత్రికి భర్తకు తోడుగా వెళ్లే రోజున పిల్లల్ని ఎవరు చూస్తారనే ప్రశ్న అలాగే ఉంది.

తీరంలో ఇంకో రకం. మగవారు గుజరాత్ తీరానికి వేటకు పోతారు. 2018 చివర్లో అలా వెళ్లి పాకిస్తాన్ చేతికి చిక్కిన మన జిల్లాల మత్స్యకారులు 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. ఏడాదికి పైగా వారి ఇళ్లలో తల్లీ తండ్రీ రెండూ ఆ ఆడవారే. చేపల గంప తలకెత్తుకుంటే గాని గింజలు లేవు. గంప ఎత్తుకుంటే చంకలో బిడ్డకు చోటు లేదు.

మూడు దారులు, మూడింటికీ ముళ్లే

ప్రస్తుతం మన పల్లెల్లో ఉన్న దారులు మూడు. మొదటిది మామ్మ లేక అమ్మమ్మ. ఇది అన్నిటికన్నా మంచిదే. కాని మామ్మకు కూడా వయసు మీద పడుతుంది. కళ్లకు శుక్లాలు, మోకాళ్ల నొప్పులు. నడక నేర్చిన గుంటడి వెనుక పరిగెత్తే ఓపిక ఆమెకు ఉండదు. చాలా ఇళ్లలో ఆమె కూడా కూలికి పోతున్నదే.

రెండవది ఇంట్లో పెద్దపిల్ల. ఎనిమిదేళ్ల అప్ప చంకలో ఏడాది తమ్ముడు. ఈ బొమ్మ మన ఊళ్లలో అందరికీ అలవాటైపోయింది. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలు బడిలో ఉండాలంటుంది. 2016లో సవరించిన చట్టం పద్నాలుగేళ్లలోపు వారిని పనిలో పెట్టరాదంటుంది. కాని ఇంట్లో తమ్ముణ్ణి ఎత్తుకునే పిల్లను ఎవరూ పనిలో ఉన్నదిగా లెక్కపెట్టరు. మొదట వారానికి ఒకరోజు బడి మానుతుంది. ఉభాల వేళ పది రోజులు మానుతుంది. లెక్కల్లో వెనకబడుతుంది. ఆ తరువాత బడికి పోవడానికి తనకే సిగ్గేస్తుంది. తల్లి కూలికి ఆ పిల్ల చదువు వెల అవుతున్నది.

మూడవది ఎవరికీ చెప్పుకోలేనిది. పాలు పట్టి, పడుకోబెట్టి, బయట గడియ పెట్టి వెళ్లిపోవడం. పక్కింటివారికి ఒక మాట చెప్పి వెళతారు. అలా వెళ్లిన తల్లిని తప్పుపట్టేముందు ఆమె పొయ్యి మీద ఏముందో చూడాలి.

ఈ విలేకరి ఇంటి సంగతి

ఇతరుల ఇళ్ల సంగతి రాసేవాడు తన ఇంటి సంగతి దాచడం న్యాయం కాదు. ఈ విలేకరి భార్య కూడా జీడిపప్పు పొర తీసే పనికి వెళుతుంది. పెద్దది ఆడపిల్ల, నాలుగో తరగతి. చిన్నవాడికి అప్పుడు పది నెలలు. ముసలి తల్లి చూసుకుంటుందనే ధైర్యంతో పనికి వెళ్లేది. ఒక మధ్యాహ్నం ముసలామెకు కునుకు పట్టింది. పిల్లవాడు పాకుతూ పోయి పక్క వాకిట్లో ఎండబోసిన పచ్చి జీడి పిక్కను నోట పెట్టుకున్నాడు. సాయంత్రానికి పెదాలు, గడ్డం బొబ్బలెక్కాయి. ఆ తల్లి పని నుంచి వచ్చి చూసి కూలబడిపోయింది. ముసలామె రెండు రోజులు అన్నం ముట్టలేదు. తప్పు ఎవరిది? పడుకున్న ఆమెదా, పనికెళ్లిన ఆమెదా? ఊళ్లో ఏ వార్తకైనా ముందు పరిగెత్తే ఈ విలేకరి ఆ సమయంలో ఎక్కడున్నాడని మాత్రం ఎవరూ అడగలేదు.

మరునాటి నుంచి ఆమె పని మానేసింది. మొదటి వారం ఇల్లు నిండుగా ఉంది. పిల్లవాడు తేరుకున్నాడు, పెద్దది వేళకు బడికి పోయింది. మూడో వారానికి డ్వాక్రా వాయిదా దగ్గర పడింది. రెండో నెలకు కిరాణా కొట్టులో పద్దు పెరిగింది. వార్తకు ఇంతని ముట్టే విలేకరి సంపాదనతో ఇల్లు నడవదని ఇంటివారందరికీ తెలుసు. ఒక రాత్రి ఆమె అన్న మాట ఇది:

“నానెల్తే గుంటడు ఏడుస్తాడు. ఎల్లకపోతే ఇల్లు ఏడుస్తాది. ఏ ఏడుపు ఇనమంటావో నువ్వే సెప్పు.”

జవాబు చెప్పడానికి రెండు రోజులు పట్టింది. సభలు, సమావేశాలు చాలావరకు మధ్యాహ్నం మీదనే ఉంటాయి. ఉదయం నుంచి రెండు గంటల దాకా పిల్లవాణ్ణి తండ్రి చూడాలి. ఆ తరువాత ముసలామె, బడి నుంచి వచ్చాక పెద్దది ఒక గంట ఆడించాలి. ఆ గంట దాటితే దాని పుస్తకాలు దానివి. అలా ఒప్పందమైంది. మొదటి నెల వీధిలో నవ్వినవారున్నారు. “పెళ్లాం పనికెళ్లింది, మగోడు గుంటడికి తానం పోత్తన్నాడు” అని నూతి దగ్గర మాట్లాడుకున్నారు. పిల్లవాడికి అన్నం తినిపించడం వార్త రాయడం కన్నా కష్టమని అప్పుడే తెలిసింది. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు. అలాగని సమస్య తీరిందని కాదు. ఉదయం పూట ప్రమాద వార్త వస్తే నేటికీ చంకలో పిల్లవాడితో పక్కింటి గుమ్మం ముందు నిలబడవలసిందే.

చట్టాల్లో ఏముంది

ఐదేళ్లకో పదేళ్లకో ఒక చట్టమో పథకమో వస్తూనే ఉంది. 1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైంది. నేడు అంగన్‌వాడీ లేని పెద్ద ఊరు లేదు. అయితే అక్కడ కూర్చోబెట్టి ఆటపాటలు నేర్పి, వేడి అన్నం పెట్టేది మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు. ఆరు నెలల నుంచి మూడేళ్లలోపు బిడ్డకు సరుకు ఇంటికి ఇస్తారు. బిడ్డను మాత్రం తల్లే చూసుకోవాలి. మొత్తం చిక్కు ఈ రెండున్నరేళ్లలోనే ఉంది. బిడ్డకు కాపలా అన్నిటికన్నా ఎక్కువ అవసరమయ్యే వయసులో పెట్టడానికి చోటు లేదు. 2023 డిసెంబరు 12 నుంచి అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు 42 రోజులు సమ్మె చేసినప్పుడు, ఉన్న ఆ కొద్ది ఆసరా విలువ ఏమిటో పనికెళ్లే తల్లులకు తెలిసివచ్చింది.

1948 ఫ్యాక్టరీల చట్టంలో, 1976 సవరణ తరువాత, ఆడ కార్మికులు 30 మందికి మించితే ఆరేళ్లలోపు బిడ్డలకు గది ఏర్పాటు చేయాలని ఉండేది. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్ ప్రకారం మొత్తం కార్మికులు 50 మందికి మించిన చోట శిశుసదనం ఉండాలి. చిన్న జీడి యూనిట్లలో పలుచోట్ల సంఖ్య అంతదాకా రాదు. అయితే కొన్ని సంస్థలు కలిసి ఉమ్మడిగా ఒక సదనం పెట్టుకోవచ్చని కూడా ఆ కోడ్‌లో ఉంది. పక్కపక్కనే ఇన్ని యూనిట్లున్న పలాసకు ఇంతకన్నా తగిన మాట ఏముంటుంది?

2005 ఉపాధి హామీ చట్టంలోనూ ఒక మంచి ఏర్పాటు రాశారు. పని స్థలానికి ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు లేక అంతకు మించి వస్తే, కూలికి వచ్చిన ఆడవారిలో ఒకరిని పిల్లల్ని చూడడానికి పెట్టి, ఆమెకూ కూలి ఇవ్వాలి. చెరువు పనిలో ఇది ఎన్నిచోట్ల జరిగిందో పని చేసినవారికే తెలుసు. 2025 డిసెంబరులో ఆ చట్టం స్థానంలో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. చట్టం పేరు ఏదైనా గట్టు మీద ఎండకు ఏడ్చే బిడ్డ మారలేదు.

కాన్పు విషయంలోనూ రెండు లెక్కలు. 2017 సవరణతో సంస్థల్లో ఉద్యోగం చేసే తల్లికి మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల జీతంతో సెలవు దొరికింది. కూలి తల్లికి అదే ఏడు మొదలైన మాతృవందన పథకం కింద మొదటి కాన్పుకు ₹5,000. 26 వారాలంటే ఆరు నెలలు. ₹5,000 ఆరు నెలలకు పంచితే ఎన్ని రోజుల కూలో ఏ తల్లైనా వేళ్ల మీద చెబుతుంది. బడికెళ్లే పిల్ల పేరున తల్లి ఖాతాలో డబ్బు వేయడం 2020లో అమ్మఒడితో మొదలైంది. 2025లో తల్లికి వందనం పేరున జరిగింది. మంచిదే. అమ్మ ఒడిలో ఇంకా ఉన్న బిడ్డకు మాత్రం ఏ పద్దూ లేదు.

ఇతర చోట్ల ఏం చేశారు

1969లో ఢిల్లీలో గాంధీ శతజయంతి కోసం కట్టడాలు సాగుతున్న చోట మట్టిలో పడి ఉన్న కూలీల పిల్లల్ని చూసి మీరా మహాదేవన్ అనే ఆమె ఒక గుడారంలో శిశుసదనం మొదలుపెట్టారు. అదే మొబైల్ క్రెషెస్ సంస్థ అయింది. పని ఎక్కడికి కదిలితే సదనం అక్కడికి కదిలింది. విశాఖ, హైదరాబాదు, చెన్నైలలో కట్టడాల పనికి పోయే మన జిల్లాల వారికి ఆ అవసరం ఎంతటిదో చెప్పనక్కరలేదు.

బంగ్లాదేశ్‌లోనూ మనలాగే ఇంటింటి పక్కన చెరువు. తల్లి పనిలో ఉండే ఉదయం వేళ చిన్నపిల్లలు నీట మునిగి చనిపోవడం అక్కడ ఎక్కువ. ఊరి ఆడవారినే ఒకరిద్దరిని పెట్టి ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఐదేళ్లలోపు పిల్లల్ని ఒకచోట చూసే ఆంచల్ అనే ఏర్పాటు చేశారు. మరణాలు బాగా తగ్గాయని పరిశోధనల్లో తేలింది. చదువు కోసం కాదు, ప్రాణం కోసమే శిశుసదనం కావాలని దీని అర్థం.

స్వీడన్ దేశంలో 1974లోనే బిడ్డకోసం ఇచ్చే సెలవు తల్లీ తండ్రీ ఇద్దరిలో ఎవరైనా తీసుకోవచ్చని చట్టం చేశారు. బిడ్డ తండ్రిది కూడా అని ఒక ప్రభుత్వం రాసి ఇచ్చింది. మన వీధిలో ఆ మాటకు ఇంకా నవ్వుతున్నారు.

తేల్చుకునే ముందు

ఏ ఇంటి లెక్క ఆ ఇంటిదే. అయినా కొన్ని విషయాలు కూర్చుని మాట్లాడుకుంటే మేలు.

మొదటిది బిడ్డ వయసు. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా వద్దని, ఆపైన ఇతర ఆహారంతో పాటు రెండేళ్ల దాకా పాలివ్వడం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఇల్లు ఏదోవిధంగా నెట్టుకురాగలిగితే ఆ మొదటి ఆరు నెలలు తల్లిని ఇంట్లో ఉంచడానికే ఇంటిల్లిపాదీ చూడాలి. ఆ తరువాత పనికి వెళ్లినా వెళ్లేముందు, వచ్చాక, రాత్రి పాలివ్వడం మానవద్దు.

రెండవది కూలి లెక్క. చేతికి వచ్చినదంతా మిగులు కాదు. డబ్బా పాలు, ఆటో, బిడ్డకు జబ్బు చేస్తే మందులు, మానిన రోజులు తీసివేయాలి. ఒక్క జ్వరం నాలుగు రోజుల కూలి తింటుంది. అన్నీ తీసివేసినా మిగులుంటే వెళ్లడం తప్పు కాదు. ఆ డబ్బు పిల్లల కడుపులోకే పోతుంది. మిగులు లేకపోతే కొన్నాళ్లు ఆగడం నష్టం కాదు.

మూడవది బిడ్డ ఉండే చోటు. నూతికి గట్టు ఉందా, పెరట్లో గుంట ఉందా, పురుగుమందు డబ్బా, కిరసనాయిలు సీసా, పచ్చి పిక్కలు చేతికి అందుతాయా? కాపలా ఉండే మనిషికి చూపు ఆనుతుందా? ముసలామెకు శుక్లాల ఆపరేషన్ చేయిస్తే పిల్లవాడికి కాపలా దొరికినట్టే. ఈ విలేకరి ఇంట్లో చివరకు చేసింది అదే.

నాలుగవది పెద్దపిల్ల బడి. ఏ ఒప్పందమైనా దాని చదువు మీద మాత్రం వేయరాదు.

ఐదవది తండ్రి. ఇంటి పట్టున ఎవరుండాలనే ప్రశ్నలో ఆయన పేరు కూడా రావాలి.

చేయవలసింది

పంచాయతీకి ఒక గది, డ్వాక్రా సంఘాలకు ఒక నమ్మకమైన మనిషి, ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఆరు దాకా పాలు, గంజి, నాలుగు ఉయ్యాలలు. కేంద్ర ప్రభుత్వం 2022 నుంచి పాల్నా పేరుతో అంగన్‌వాడీలోనే శిశుసదనం నడిపే పథకం పెట్టింది. జిల్లాలో కూలి పని ఎక్కువగా ఉన్న ఊళ్లను గుర్తించి దానిని అక్కడికి రప్పించవలసిన బాధ్యత అధికారులది, ప్రజాప్రతినిధులది. పలాసలో యూనిట్ల యజమానులు కలిసి ఒక ఉమ్మడి సదనం పెడితే వారికీ మేలే. బెంగ లేని తల్లి చేతిలో పప్పు గుండుగా వస్తుంది.

గ్రామసభ జరిగినప్పుడు రోడ్డు, కాలువ, దీపం అడుగుతాం. వచ్చే గ్రామసభలో ఉయ్యాల కూడా అడగాలి. అడిగేటప్పుడు ఆడవారితో పాటు మగవారు కూడా చెయ్యి ఎత్తాలి. ఈ విలేకరి ఎత్తుతాడు. ఆ రోజు సభ ఉదయం పూట పెడితే మాత్రం చంకలో పిల్లవాడితోనే వస్తాడు.